హైవే మీద చల్లగా, ఊళ్లో వేడిగా: పాత కారు ఏసీకి కంప్రెసరే మార్చాలా?

కావలి నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. 2010 మోడల్ పెట్రోల్ చిన్న కారు, లక్షా ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది. హైవే ఎక్కితే ఏసీ పర్వాలేదు. ఒంగోలులోనో నెల్లూరులోనో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే పది నిమిషాల్లో చెమటలు. రెండేళ్లలో మూడుసార్లు గ్యాస్ కొట్టించారు. పోయినేడు బానెట్ కింది ఫ్యాన్ మోటారు కాలిపోతే మార్పించారు. ఇప్పుడు షాపులో పైపులు చేత్తో పట్టుకుని చూసి, కంప్రెసర్ (గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపు) పోయింది, 18,000 అవుతుంది అన్నారట. మార్పించాలా, లేక కారే అమ్మేయాలా అని అడుగుతున్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఇప్పుడే కంప్రెసర్ మార్పించకండి. మీరు రాసినదాంట్లో నాకు రెండు వేరువేరు జబ్బులు కనిపిస్తున్నాయి. ఒకటి, బండి నిలబడ్డప్పుడు, వేడిని బయటికి వదిలే ముందున్న కండెన్సర్‌కి గాలి సరిగ్గా అందడం లేదు. రెండు, ఎక్కడో సన్నగా గ్యాస్ లీకవుతోంది. కంప్రెసర్ కూడా అరిగి ఉండొచ్చు, కాదనను. కానీ ఆ మాట చేత్తో పైపు పట్టుకుని అనేది కాదు. దానికి ముందు చేయాల్సిన పరీక్షల్లో రెండు మీరే ఇంటి ముందు చేసుకోవచ్చు. అయ్యే ఖర్చు రెండు బకెట్ల నీళ్లు, ఒక చిన్న థర్మామీటర్.

నేను నెల్లూరులో కార్ ఏసీ పనిలో పడి ఇరవై ఆరేళ్లయింది. అంబాసిడర్‌కి డ్యాష్‌బోర్డు కింద పెట్టె వేలాడదీసి ఏసీ బిగించే రోజుల్లో చేరాను. అప్పట్నుంచీ వింటున్న ఫిర్యాదుల్లో మీది బాగా పాతది. రోహిణి కార్తె వచ్చిందంటే రోజుకి నలుగురైనా ఇదే మాటతో షాపుకొస్తారు.

ఏసీ చేసే పని కారులోపలి వేడిని గ్యాస్‌తో మోయించి, బంపర్ వెనకున్న కండెన్సర్ దగ్గర బయట పారబోయడం. హైవే మీద ఎనభైలో పోతుంటే ఎదురుగాలి ఆ వేడిని ఎత్తుకుపోతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఆ పని మొత్తం ఫ్యాన్ మీద పడుతుంది. ఫ్యాన్ నీరసంగా ఉన్నా, కండెన్సర్ సందుల్లో దుమ్ము నిండినా వేడి పోయే దారి ఉండదు. కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కి పోయే వైపు, అంటే హై సైడ్, ప్రెషర్ పెరిగిపోతుంది, లోపల చల్లదనం తగ్గుతుంది.

అయితే ఇక్కడో చిక్కుంది. అరిగిపోయిన కంప్రెసర్ కూడా అచ్చం ఇలాగే నాటకమాడుతుంది. హైవే మీద ఇంజిన్ వేగంగా తిరుగుతుంది కాబట్టి అరిగినా ఎంతో కొంత లాగుతుంది, ఐడ్లింగ్‌లో చేతులెత్తేస్తుంది. బయటికి కనిపించే లక్షణం ఒకటే. అందుకే చాలామంది మెకానిక్‌లు కంప్రెసర్ దగ్గరే ఆగిపోతారు. వాళ్లందరూ మోసగాళ్లని అనను. ఎండాకాలం షాపు ముందు పది బండ్లుంటే, ఒక్కోదాని మీద గంట కూర్చునే ఓపిక ఎవరికీ ఉండదు.

ఈ రెంటినీ విడదీసే పరీక్ష చెప్తాను. వంటకి వాడే డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, రెండు మూడు వందలకి దొరుకుతుంది. మధ్యాహ్నం బండి నీడలో పెట్టి, అద్దాలు మూసి, ఏసీ ఫుల్, బ్లోవర్ రెండో నంబరు, లోపలి గాలే తిరిగే బటన్ నొక్కి, థర్మామీటర్ మధ్య వెంట్‌లో గుచ్చండి. ఐడ్లింగ్‌లో పది నిమిషాలు వదిలేసి అంకె రాసుకోండి.

మొదట నీళ్లు. ఇంకొకరు ముందు గ్రిల్‌లోంచి కండెన్సర్ మీద మగ్గుతో మెల్లగా రెండు మూడు నిమిషాలు నీళ్లు పోయాలి. బానెట్ ఎత్తి ఇంజిన్ మీద పోయొద్దు, ఆల్టర్నేటర్ తడిస్తే ఇంకో ఖర్చు. వెంట్‌లో ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలు తగ్గితే పట్టించుకోకండి, కొత్త కారులోనూ అంత తగ్గుతుంది. ఐదారు డిగ్రీలు పడిపోయిందంటే జబ్బు కండెన్సర్, ఫ్యాన్ దగ్గరే ఉంది. కంప్రెసర్ పాపం తన పని తాను చేస్తోంది.

తర్వాత యాక్సిలరేటర్. కండెన్సర్ మళ్లీ ఆరి వేడెక్కేదాకా ఆగి, బండి న్యూట్రల్‌లోనే ఉంచి ఇంజిన్‌ని 2,000 ఆర్‌పీఎం దగ్గర రెండు నిమిషాలు పట్టుకోండి. బండి కదల్లేదు, కరెంటు ఫ్యాన్ వేగమూ మారలేదు. మారిందల్లా కంప్రెసర్ తిరిగే వేగం. నీళ్లకి కదలని అంకె ఇప్పుడు బాగా దిగితే అనుమానం కంప్రెసర్ మీదికో, గ్యాస్ తక్కువ మీదికో పోతుంది. ఆ రెంటిలో ఏదన్నది ప్రెషర్ కొలిచే గేజ్ చెప్పాలి. ఒక హెచ్చరిక: పాత జీపుల్లో, కొన్ని పెద్ద డీజిల్ బండ్లలో ఫ్యాన్ బెల్ట్ మీద తిరుగుతుంది. ఇంజిన్ రేజ్ చేస్తే గాలీ పెరుగుతుంది కాబట్టి వాటికి ఈ రెండో పరీక్ష పనికిరాదు.

మీ ప్రశ్నలో నన్ను గుచ్చిన మాట ఇంకొకటుంది, ఫ్యాన్ మోటారు మార్పించానన్నది. ఆ మోటారు డీసీ మీద నడిచేది. రెండు వైర్లూ తారుమారు చేసి కలిపితే హాయిగా వెనక్కి తిరుగుతుంది. చప్పుడొస్తుంది, తిరుగుతూ కనిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. కానీ రేడియేటర్ దగ్గరి వేడిగాలిని తెచ్చి కండెన్సర్ మీదికి ఊదుతుంటుంది. వేగంగా పోతుంటే ఎదురుగాలి దాన్ని ఓడిస్తుంది కాబట్టి హైవే మీద తెలియదు. ఏసీ వేసి, బండి ఆపి, గ్రిల్ ముందు నోటు పుస్తకం కాగితం ఒకటి పట్టుకోండి. లోపలికి లాక్కుని అతుక్కోవాలి. బయటికి కొట్టుకుంటే ఫ్యాన్ ఉల్టా తిరుగుతున్నట్టే. కనెక్టర్‌లో రెండు పిన్నులు మారిస్తే సరి. ఇలాంటివి నేనే ఐదారు చూశాను. అందులో ఒకటి అప్పటికే కొత్త కంప్రెసర్ వేయించుకుని వచ్చిన బండి.

ఫ్యాన్ సరైన దిక్కునే తిరుగుతుంటే తర్వాత చూడాల్సింది దుమ్ము. కొన్నేళ్ల కిందట చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పనిచేసే సూపర్‌వైజర్ ఒకాయన బండి తెచ్చారు. "వారం వారం వాటర్ సర్వీసింగ్ చేయిస్తానన్నా, కండెన్సర్ అద్దంలా ఉంటుంది, ఐనా చల్లబడదు" అన్నారు. నిజంగానే ముందు నుంచి చూస్తే తళతళలాడుతోంది. గేజ్ పెడితే హై సైడ్ ప్రెషర్ 340 పీఎస్ఐ, మరీ ఎక్కువ. రేడియేటర్ విప్పి వెనక్కి జరిపితే, దానికీ కండెన్సర్‌కీ మధ్య సందులో రాతిపొడి, పురుగులు, గడ్డి కలిసి మందపాటి గోనెపట్టాలా తయారై ఉన్నాయి. ప్రెషర్ వాటర్ కొట్టిన కొద్దీ ముందున్న దుమ్మంతా పోయి అక్కడే చేరిందన్నమాట. శుభ్రం చేసి బిగించాక హై సైడ్ 230కి దిగింది. ఒక్క సామానూ మార్చలేదు, కూలి తప్ప. కాబట్టి కడిగించానని ధీమా పడకండి, ఆ రెంటి మధ్య సందులోకి టార్చి వేసి చూడండి. ప్రెషర్ గన్ మరీ దగ్గర్నుంచి కొట్టిస్తే కండెన్సర్ రేకులు పడుకుండిపోతాయి, అదో కొత్త తలనొప్పి.

ఇక గ్యాస్ సంగతి. గ్యాస్ అనేది పెట్రోల్‌లా వాడితే అయిపోయేది కాదు. రబ్బరు పైపుల్లోంచి, సీళ్లలోంచి ఏళ్ల మీద కొద్దిగా తగ్గుతుంది, అంతవరకు సహజం. పదేళ్ల బండికి ఒకసారి కొట్టించడం అర్థముంది. రెండేళ్లలో మూడుసార్లు కొట్టించారంటే లీకుని వదిలేసి గ్యాస్‌కి డబ్బు కట్టినట్టు. పైగా మీ కారులో ఉండే ఆర్-134ఎ అనే గ్యాస్ గాల్లో కలిస్తే భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లు పైన. అంటే ఊరికే వదిలేయాల్సిన సరుకు కాదు.

మన సముద్రం పక్క ఊళ్లలో లీకు మొదట వెతకాల్సింది కండెన్సర్ కింది వరసలో. అల్లూరు దగ్గర రొయ్యల చెరువులున్న రైతు ఒకాయన బండి రోజంతా గట్ల మీదే ఉంటుంది. ఉప్పుగాలి, చెరువు నీళ్ల తుంపర. నాలుగేళ్లకే కండెన్సర్ కింది రేకులు వేలితో తాకితే అప్పడంలా పొడి అయ్యాయి. అలాంటిదాన్ని అతికించే ప్రయత్నం చేయకూడదు, కొత్తది వేయడమే. తర్వాత నుంచి పది రోజులకోసారి మామూలు మంచినీళ్ల పైపుతో ముందుభాగం తడపమని చెప్పాను, ఉప్పు కడుక్కుపోతుందని. కావలి కూడా సముద్రానికి దగ్గరే కాబట్టి మీకూ అదే చెప్తున్నా.

లీకు ఉన్న చోట గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కొద్దిగా బయటికొస్తుంది, దానికి దుమ్ము అంటుకుని నల్లటి జిడ్డు మరక పడుతుంది. పైపుల జాయింట్లు, కంప్రెసర్‌ని బెల్టు పుల్లీతో కలిపే ముందు క్లచ్ వెనక భాగం, గ్యాస్ ఎక్కించే వాల్వు మూతల కింద, ఇవన్నీ టార్చితో మీరే చూడొచ్చు. ఆ వాల్వులో ఉండే చిన్న పిన్ను కారు టైరు వాల్వు పిన్ను లాంటిది, దాని ఖరీదు వంద కూడా ఉండదు, అదొక్కటి లీకై ఏడాదికోసారి గ్యాస్ కొట్టించుకున్నవాళ్లున్నారు. అన్నిటికన్నా ఏడిపించేది డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్. కంటికి కనపడదు. నైట్రోజన్ నింపి ప్రెషర్ రాత్రంతా నిలబడుతుందా లేదా చూడాలి, లేదా రంగు కలిపి అల్ట్రావయొలెట్ లైటుతో వెతకాలి. డబ్బాల్లో దొరికే లీకు ఆపే మందులు మాత్రం వేయించకండి. లీకు ఆగుతుందో లేదో గానీ, కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ని సన్నగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు మూసుకుపోయే ప్రమాదం ఉంది.

షాపుకెళ్తే ఏం అడగాలి? మొదట, రాత్రంతా నిలిపిన బండిని పొద్దున్నే ఇంజిన్ వేయకుండా గేజ్ పెట్టమనండి. హై సైడ్, కంప్రెసర్‌లోకి గ్యాస్ తిరిగొచ్చే లో సైడ్, రెండూ ఒకే అంకె చూపాలి. లోపలున్నది స్వచ్ఛమైన ఆర్-134ఎ అయితే, వాతావరణం 30 డిగ్రీలుంటే సుమారు 97 పీఎస్ఐ, 35 ఉంటే సుమారు 114 ఉంటుంది. ఇది గ్యాస్ స్వభావం, బండి ఏ కంపెనీదైనా ఒకటే. దానికన్నా బాగా తక్కువుంటే లోపల గ్యాస్ దాదాపు ఖాళీ. బాగా ఎక్కువుంటే గాలో, వేరే గ్యాసో కలిసిందని అర్థం. సరిగ్గా ఉంటే మాత్రం తొందరపడి ఫుల్ ఉంది అనుకోకండి. లోపల కొంత ద్రవం మిగిలి ఉందని మాత్రమే అది చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు. ఈ చివరి సంగతి తెలియక కొందరు మెకానిక్‌లే పొరబడతారు.

తర్వాత ఇంజిన్ వేసి చూడాలి. లో సైడ్ 30 నుంచి 45, హై సైడ్ 200 నుంచి 250 మధ్య ఉంటే మన ఎండలకి బాగున్నట్టే. మే నెల మధ్యాహ్నం 280 దాకా పోయినా నేను కంగారుపడను. రెండూ తక్కువైతే గ్యాస్ తక్కువ. రెండూ ఎక్కువైతే గాలి ఆడటం లేదు, లేదా గ్యాస్ ఎక్కువ కొట్టారు. ఇక కంప్రెసర్ పోయిందనడానికి నాకు కావాల్సిన గుర్తు ఇదీ: లో సైడ్ 70 దగ్గర, హై సైడ్ 130 దగ్గర ఉండి, ఇంజిన్ రేజ్ చేసినా ముల్లులు పెద్దగా ఎడం కాకపోవడం. అదీ లోపల గ్యాస్ సరైన తూకంలో ఉందని తేలాకే. బానెట్ కింద స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది, చిన్న కార్లకి సాధారణంగా 350 నుంచి 550 లోపు. ఇంకో 100 గ్రాములు వేస్తే ఇంకా చల్లబడుతుందని కస్టమర్లే అడుగుతుంటారు. టీలో చక్కెరా అది?

గ్యాస్ ఎక్కించే ముందు పైపుల్లోని గాలి, తేమ లాగేయడానికి కనీసం అరగంట వాక్యూమ్ పెట్టాలి, ఆపాక పావుగంట ముల్లు కదలకుండా నిలబడాలి. పైపు విప్పిన ప్రతిసారీ, తేమ పీల్చే డ్రయ్యర్ మార్చాలి. తూకం మీద పెట్టి ఎక్కించాలి. ఈ మూడింటికీ అవునన్న షాపులోనే చేయించండి. చౌకగా దొరికే పేరులేని సిలిండర్ల జోలికి పోకండి. 2011లో విదేశీ ఓడరేవుల్లో, మన రొయ్యల్ని ఎగుమతి చేసే రకం శీతల కంటెయినర్లు, నకిలీ గ్యాస్ అల్యూమినియంతో కలిసి పేలి మనుషులు చనిపోయారు. మన కార్ల పైపులూ, కాయిల్సూ అల్యూమినియమే మరి.

అన్నీ సరిగ్గా ఉండి కూడా చల్లబడని బండ్లుంటాయి. నా చేతిలో జరిగిన తప్పు ఒకటి చెప్పుకోవాలి. పని నేర్చిన కొత్తల్లో ఒక పాత కారుకి కంప్రెసర్ మార్చాను. కొత్తది వేసినా అంతే. రెండ్రోజులు తల బద్దలు కొట్టుకున్నాక తెలిసింది, హీటర్‌కి వేడినీళ్లు ఆపే కుళాయి కేబుల్ తెగి, ఇంజిన్ వేడినీళ్లు లోపలి హీటర్‌లోకి పారుతూనే ఉన్నాయని. పక్కపక్కనే ఏసీ చల్లబరుస్తుంటే హీటర్ కాస్తోంది. ఇంజిన్ వెనక హీటర్‌లోకి పోయే రెండు రబ్బరు పైపుల్లో ఒకదాన్ని ప్లయర్‌తో మెత్తగా నొక్కిపట్టగానే లోపల మంచు. కూలి డబ్బులు వెనక్కిచ్చాను, కంప్రెసర్ ఖరీదు మాత్రం ఇవ్వలేకపోయాను. ఆయన కనకమహల్ సెంటర్‌లో ఎదురైతే నేనే తల దించుకునేవాణ్ణి. అప్పట్నుంచీ కంప్రెసర్ మాటెత్తే ముందు ఆ పైపు నొక్కి చూడటం అలవాటు. ఆ కుళాయి లేని కార్లలో, హీటర్ వేడిగాలిని ఆపే డ్యాష్‌బోర్డు లోపలి చిన్న తలుపు సరిగ్గా మూసుకోకపోయినా ఇదే జరుగుతుంది.

మీది కాకపోవచ్చు గానీ, ఇది చదివే వేరేవాళ్ల కోసం ఇంకొకటి. పొద్దున బయల్దేరితే ముప్పావుగంట బాగా చల్లగా ఉండి, హఠాత్తుగా ఆగిపోయి, టీ తాగడానికి ఆపి మళ్లీ ఎక్కితే చల్లబడే బండి ఉంటుంది. ఒంగోలు నుంచి నెల్లూరు వచ్చే టీచరొకరికి సరిగ్గా ప్రతిసారీ మీ కావలి దగ్గర ఆగిపోయేది. రెండు చోట్ల కంప్రెసరే అన్నారట. చూస్తే కంప్రెసర్ క్లచ్ ప్లేటు అరిగి సందు పెరిగింది. కాయిల్ వేడెక్కేకొద్దీ అయస్కాంతం బలం తగ్గి అంత దూరం ప్లేటుని లాగలేకపోతోంది. లోపలున్న పల్చటి వాషర్లలో ఒకటి తీసేశాను, అంతే. అదే, ఆగిపోయినప్పుడు వెంట్‌లోంచి గాలే తగ్గిపోతుంటే వేరు, అది కూలింగ్ కాయిల్ మీద మంచు కట్టడం. ఏసీ ఆపి బ్లోవర్ మాత్రం పది నిమిషాలు తిప్పితే గాలి తిరిగొస్తుంది. సెన్సరో, గ్యాసో చూపించుకోవాలి.

గాలి మొదట్నుంచీ తక్కువగా ఉంటే క్యాబిన్ ఫిల్టర్ చూడండి. చాలా పాత చిన్న కార్లలో ఆ ఫిల్టరే ఉండదు, దుమ్మంతా కాయిల్‌కే అంటుకుంటుంది. కోతల కాలంలో ఎలుకలు కూడా. ఒక బ్లోవర్ డబ్బాలోంచి నేను తీసిన వడ్లు దోసెడుంటాయి, మన నెల్లూరు మొలగొలుకుల రకమో కాదో చూడలేదు.

ఎంత చల్లగా ఉంటే బాగున్నట్టు అని కూడా చాలామంది అడుగుతారు. మన తీరంలో ఉక్క ఎక్కువ. గాలిలోని తేమని నీళ్లుగా మార్చడానికే ఏసీ బలంలో మంచి వాటా పోతుంది, కారు కింద కారే నీళ్లు అవే. అందుకే అదే కారు మార్కాపురం వైపు పొడి ఎండలో కాస్త మెరుగ్గా అనిపించి, కావలిలో నీరసంగా అనిపిస్తుంది. మే నెలలో నీడన నిలబెట్టి, మధ్య వెంట్‌లో 10 నుంచి 13 డిగ్రీలు వస్తే పదిహేనేళ్ల బండికి నేను పాస్ మార్కులు వేసేస్తాను. ఎండలో నిలిపిన బండి ఎక్కగానే ఏసీ వేసి తిట్టుకోవడం న్యాయం కాదు. రెండు నిమిషాలు అద్దాలు దించి, వేడి పోనిచ్చి, అప్పుడు మూసి లోపలి గాలి బటన్ నొక్కండి. నల్ల ఫిల్మ్ వేయించుకుందామనుకుంటున్నారేమో, సుప్రీంకోర్టు 2012లోనే దాన్ని వద్దంది.

అమ్మేయాలా అన్నారు. ఏసీ పని చేయని కారుని మన ఎండల్లో ఎవరు మంచి రేటుకి కొంటారు? కొనేవాడు ఆ 18,000కి ఇంకో పదివేలు కలిపి తగ్గించే అడుగుతాడు. ముందు కాగితం పెట్టి ఫ్యాన్ చూడండి, తర్వాత నీళ్లు పోసి చూడండి, ఆ మూడు అంకెలూ ఇక్కడ రాయండి: మామూలుగా ఎంత, నీళ్లు పోశాక ఎంత, రేజ్ చేశాక ఎంత. ఒకవేళ కంప్రెసరే అని గేజ్ తేల్చిందనుకోండి, పాతది విప్పినప్పుడు దాంట్లోంచి కారే నూనె తెల్లటి గుడ్డ మీద పోసి చూపించమనండి. అది నల్లగా మారి, మెరిసే లోహపు పొడి కనిపిస్తే కంప్రెసర్ ఒక్కటే మార్చి ఊరుకుంటే లాభం లేదు. ఆ పొడి కండెన్సర్ సన్నటి గొట్టాల్లో ఇరుక్కుంటుంది, కడిగినా రాదు, కొత్త కంప్రెసర్‌ని ఏడాది తిరక్కుండా తినేస్తుంది. అప్పుడు కండెన్సర్, డ్రయ్యర్, ఎక్స్‌పాన్షన్ వాల్వు కూడా వేయాలి. వాళ్లు చెప్పిన 18,000లో అవన్నీ ఉన్నాయో లేదో రేపే ఫోన్ చేసి కనుక్కోండి.